ఒక్క చాప్టర్ రాలేదని ఎంపీసీ వదిలేస్తాడా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మగారు రాశారు. బాబు విజయవాడలో హాస్టల్లో ఉండి ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాడట, మ్యాథ్స్ బానే వస్తుంది కానీ మొమెంటమ్ (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది), సెంటర్ ఆఫ్ మాస్ (ద్రవ్యరాశంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు) మొదలైన దగ్గర్నుంచి వీకెండ్ టెస్టుల్లో ఫిజిక్స్ మార్కులు పడిపోయాయట, "నా వల్ల కాదమ్మా, బైపీసీకి మారిపోతా" అంటున్నాడట, మార్చమంటారా అని అడిగారు. టెస్ట్ పేపర్ల ఫోటోలు కూడా పంపారు, మంచి పని చేశారు.

అమ్మా, ఫిజిక్స్ తప్పించుకోడానికి బైపీసీకి వెళ్లడమంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డమే. నీట్‌లో 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్సే, ఈ చాప్టర్ అక్కడా ఉంటుంది. మన ఈఏపీసెట్‌లో ఇంజనీరింగ్ వాళ్లకి 160లో 40 ఫిజిక్స్, అగ్రికల్చర్, ఫార్మసీ వాళ్లకీ అదే 40. అంటే బాబు వచ్చిన మ్యాథ్స్ వదిలేసి రాని ఫిజిక్స్ ఉంచుకుంటాడన్నమాట!

ఇక పేపర్లు చూశాను. లెక్క చెయ్యడం వచ్చు, ఎక్కడ ఏ సూత్రం వాడాలో తెలీట్లేదు, అంతే. 10 గ్రాముల బుల్లెట్ 400 మీ/సె తో వచ్చి, వేలాడే 1.99 కిలోల చెక్క దిమ్మలో ఇరుక్కుంది, దిమ్మ ఎంత ఎత్తు లేస్తుంది అని ఇచ్చారు. మనవాడు మొదటి నుంచి చివరి దాకా ఎనర్జీ సమానం అని రాసేసి 40 మీటర్లు తెచ్చాడు. 40 మీటర్లంటే పన్నెండంతస్తుల బిల్డింగ్ అంత ఎత్తు, రాసేటప్పుడు నవ్వు కూడా రాలేదా అని అడగండి. గుద్దుకున్న ఆ క్షణంలో నిలిచేది మొమెంటమ్ మాత్రమే, దాంతో 2 మీ/సె వస్తుంది, ఎనర్జీ చూస్తే 800 జౌల్స్‌లో 4 మిగిలి మిగతాదంతా ప్రధానంగా వేడికీ చెక్క చీలడానికీ పోయింది, ఆ 2 మీ/సె దగ్గర్నుంచి పైకి లేచేటప్పుడు మాత్రం ఎనర్జీ వాడాలి, 20 సెంటీమీటర్లు. ఒకే లెక్కలో రెండు ముక్కలు, రెండు సూత్రాలు. తొమ్మిదేళ్లు ఇదే చాప్టర్ చెప్పాను కాబట్టి అంటున్నా, సగం క్లాసు ఇక్కడే పడిపోతుంది, మీవాడొక్కడే కాదు.

రెండోది పడవ లెక్క. ఈ ఆదివారం అవుటింగ్ ఇస్తే కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్లి పడవలు చూపిస్తూ అడగండి: 180 కిలోల పడవ, 4 మీటర్ల పొడవు, ఒక చివర 60 కిలోల మనిషి, నడిచి రెండో చివరకి వెళ్తే ఒడ్డు నుంచి చూసేవాళ్లకి ఎంత జరిగినట్టు? 4 అంటాడు, టెస్టులోనూ అదే రాశాడు. నీటి రాపిడి వదిలేస్తే బయటి బలం అడ్డంగా ఏదీ లేదు, మొదట అంతా నిలబడే ఉంది, కాబట్టి ఇద్దరి సెంటర్ ఆఫ్ మాస్ కదలదు, పడవ 1 మీటరు వెనక్కి పోతుంది, మనిషి 3 మీటర్లే ముందుకొస్తాడు. ఏది సిస్టమ్‌లో ఉంది, ఏది బయట ఉంది అని ముందు పెన్సిల్‌తో గీత గీసుకోమనండి, ఫార్ములా తర్వాత.

స్టడీ అవర్‌లో రోజూ ఇలాంటివి రెండే రెండు, మూడు వారాలు చేయించండి, మెటీరియల్ మొత్తం రుద్దక్కర్లేదు. అప్పుడు కూడా మార్కులు కదలకపోతే ఆ పేపర్లు నాకు పంపండి. ఇక బయాలజీ నిజంగా ఇష్టమా అనేది వేరే ప్రశ్న, అది ఈ ఫిజిక్స్ గొడవ తగ్గాక, కోపంలో లేనప్పుడు అడగండమ్మా.