ఆ సంఘానికి వెళ్లకుండానే ఆరాధనకు తిరిగి రావచ్చు

మీరు పాస్టర్ చేతిలో వేధింపుకు గురై మూడేళ్లుగా మందిరానికి దూరంగా ఉన్నారు. దేవుణ్ని వదులుకోలేకపోతున్నారు, ఇంట్లో అమ్మేమో "ఎన్నాళ్లిలా?" అంటోంది, మళ్లీ వెళ్లాలా వద్దా అని అడిగారు. నాదీ ఇంచుమించు ఇదే కథ. ప్రత్యేక ప్రార్థన, కౌన్సెలింగ్ అని ఒంటరిగా పిలిచి నన్ను వేధించినాయన మా సంఘంలో పెద్ద. అంతకుమించి వివరాలు రాయను. ఇప్పుడు వేరే సంఘంలో ఆరాధనకు వెళ్తున్నాను. ప్రతి ఆదివారం కాదు, వెళ్లగలిగిన ఆదివారం.

వెళ్లాలా వద్దా అనే ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. ఆరాధించడం, క్షమించడం, ఆ సంఘానికే తిరిగి వెళ్లడం... ఈ మూడూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు మనవాళ్లు. "క్షమిస్తే మళ్లీ వచ్చేదానివి కదా" అని నాతో మొహం మీదే అన్నారు. మూడూ వేరు. మొదటిది మీకూ దేవునికీ మధ్య సంగతి. రెండోది ఎప్పుడు జరిగితే అప్పుడు జరుగుతుంది, దానికి ఎవరూ గడువు పెట్టలేరు. మూడోది అసలు చేయనక్కర్లేదు.

నన్ను ఎక్కువ కాలం ఆపింది వాక్యాలే. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న మాట మీరూ వినే ఉంటారు. దైవజనుడి మీద నోరెత్తకూడదని చెప్పడానికి దీన్నే ఎత్తుతారు. 105వ కీర్తన మొత్తం చదవండి. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కుటుంబం. కొద్దిమందే ఉండి, పరాయి దేశాల్లో తిరుగుతున్నవాళ్లు. వాళ్ల జోలికి వెళ్లొద్దని దేవుడు రాజులను హెచ్చరించిన సందర్భం అది. దిక్కులేని వాళ్లను అధికారం ఉన్నవాళ్ల నుంచి కాపాడిన మాటను తెచ్చి అధికారం ఉన్నవాడికే అడ్డం పెట్టారన్నమాట. అలాగే పెద్దల మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని మొదటి తిమోతి 5:19 చూపిస్తారు. పాపం చేసిన వాళ్లను అందరి ఎదుట గద్దించాలన్న తర్వాతి వచనం దగ్గరికి మాత్రం రారు. ఇక యాజకుడైన ఏలీ కొడుకుల కథ. ప్రత్యక్షపు గుడారం దగ్గర సేవ చేసే స్త్రీలతో వాళ్లు చేసింది మొదటి సమూయేలు రెండో అధ్యాయంలో దాచకుండా రాసి ఉంది. తెలిసి కూడా వాళ్లను అడ్డుకోనందుకు ఏలీ కుటుంబం మీదికీ తీర్పు వచ్చింది. ఈ భాగం మీద ప్రసంగం నేనైతే ఎప్పుడూ వినలేదు.

రెండో అడ్డంకి ఒళ్లు. కళ్లు మూసుకోండి అనగానే గుండె దడ, ఎవరైనా తల మీద చేతులుంచబోతే చెమటలు. "సైతాను అడ్డుపడుతున్నాడు" అంది ఒక సిస్టర్. నా కౌన్సెలర్ చెప్పింది వేరు: ప్రమాదం జరిగిన చోటును శరీరం గుర్తుపెట్టుకుంటుంది, అలాంటి గొంతు, అలాంటి పాట ఎదురైతే మళ్లీ ప్రమాదమే అనుకుంటుంది. అది విశ్వాసం తగ్గడం కాదు. అందుకే నేను ఇంట్లోనే మొదలుపెట్టాను, 55వ కీర్తనతో. కలిసి దేవుని మందిరానికి నడిచిన స్నేహితుడే ద్రోహం చేశాడన్న ఏడుపు అది. తర్వాత ఆన్‌లైన్ ఆరాధన. ఆపే బటన్ నా చేతిలోనే ఉంది కాబట్టి టెన్షన్ తక్కువ. మందిరంలో అడుగుపెట్టాక తలుపు పక్కన, నడవ వైపు సీటు. కళ్లు తెరిచే ప్రార్థన. చేతులుంచి ప్రార్థన నాకొద్దని ముందే చెప్పేశాను. మధ్యలో లేచి వచ్చేసిన రోజులు చాలానే ఉన్నాయి, ఇప్పటికీ ఉంటాయి.

కొత్త సంఘాన్ని ఎంచుకునేటప్పుడు పాటలు, ప్రసంగం తర్వాత చూసుకోవచ్చు. ముందు పాస్టర్‌ని ఒక ప్రశ్న అడగండి: "మీ మీదే ఫిర్యాదు వస్తే ఎవరు విచారిస్తారు?" ఒకాయన నవ్వి "మా దగ్గర అలాంటివి జరగవమ్మా" అన్నారు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇంకొకాయన మాత్రం, తన బంధువులు కాని పెద్దలు చూస్తారనీ, వాళ్లలో ఒక స్త్రీ తప్పకుండా ఉంటుందనీ, నేరమైతే పోలీసులకు చెబుతామనీ, ఎవరితోనూ మూసిన గదిలో ఒంటరిగా కూర్చోననీ చెప్పారు. ఎందుకు అడుగుతున్నానని తిరిగి అడగలేదు. ఇప్పుడు నేను వెళ్తున్నది అక్కడికే.

మీది కతోలిక సంఘమైతే, 2019లో పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి లైంగిక వేధింపు తమ దృష్టికి వస్తే గురువులు (ఫాదర్లు), మఠవాసులు సంఘ అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. ఏ సంఘమైనా సరే, లోపలి విచారణ పోలీసు ఫిర్యాదుకు బదులు కాదు. ఫిర్యాదు చేయాలా, ఎప్పుడు చేయాలా అన్నది మీ నిర్ణయం. మిమ్మల్ని వేధించినాయన ఇంకా పిల్లల మధ్య సేవలో ఉంటే మాత్రం నమ్మకమైన ఒకరితోనైనా ఈ సంగతి త్వరగా మాట్లాడండి.

మీ అమ్మగారి సంగతి. ఆమెకు జరిగింది ఎంతవరకు చెప్పాలన్నది మీ ఇష్టం. ఏమీ చెప్పకపోయినా ఒక సాయం అడగొచ్చు. కొత్త చోటికి వెళ్లే రోజు పక్కన కూర్చోమనండి, "ఇక వెళ్దామమ్మా" అంటే ఎందుకని అడక్కుండా లేచి రమ్మనండి.