ఎన్‌ఎఫ్‌ఎస్ బిగుసుకుపోతే: స్విచ్ చూడు తమ్ముడూ

గాజువాక ఆఫీసులో నెట్‌వర్క్ స్విచ్ మార్చాక, ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా వాడుకునే పద్ధతి) చిన్న ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి, పెద్దవాటి దగ్గర ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ ‘డి’ స్థితిలో (జవాబు కోసం కదలకుండా ఆగి) ఇరుక్కుంటోందన్నావు. దాని స్టాక్‌లో (కమాండ్ ఎక్కడ ఆగిందో చూపే జాబితా) ఉన్న ఆర్‌పీసీ_వెయిట్_బిట్_కిల్లబుల్ అంటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), సర్వర్ నుంచి వచ్చే జవాబు కోసం కాచుకుని ఉందని. కెర్నల్ జోలికి వెళ్లకు.

క్లయింట్, సర్వర్ రెండింట్లోనూ ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 9000 అన్నావు కదా, కొత్త స్విచ్ 1500 దగ్గరే ఉండొచ్చు. టీసీపీ సెగ్మెంట్ సైజును (ఒక్కో ప్యాకెట్‌లో పంపే డేటా ముక్క ఎంతో) రెండు చివరలే మాట్లాడుకుంటాయి, మధ్యలో స్విచ్ సంగతి వాటికి తెలియదు. చిన్న రిక్వెస్ట్ దాటుతుంది. పెద్ద జవాబు చప్పుడు లేకుండా పడిపోతుంది, మళ్లీ పంపినా అంతే.

ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 1472 బైట్లు, తర్వాత 8972 బైట్లు పింగ్ కొట్టు (హెడర్లు 28 బైట్లు కలిస్తే 1500, 9000 అవుతాయి). రెండోదే ఆగితే ఖాయం. స్విచ్‌లో జంబో ఫ్రేమ్స్ (1500 దాటిన పెద్ద ప్యాకెట్లు) ఆన్ చెయ్యి, కుదరకపోతే రెండు వైపులా 1500కి దించు. సాఫ్ట్ మౌంట్ (సర్వర్ పలక్కపోతే కొంతసేపటికి ఎర్రర్ ఇచ్చి వదిలేసే సెట్టింగ్) మాత్రం వద్దు, రాస్తుండగా టైమవుట్ అయితే డేటా పాడవ్వొచ్చు.