4294967297 ప్రధాన సంఖ్య కాదు

500 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించినా 4294967297కు ప్రతిసారీ శేషం మిగులుతోందని, అది ప్రధాన సంఖ్యేనా అని మీరు అడిగారు. కాదు. మీ లెక్కలో తప్పేమీ లేదు, ఇంకొంచెం ముందుకు వెళ్లవలసింది.

ఈ సంఖ్య 2³² + 1. ఘాతం కూడా 2 యొక్క ఘాతమే అయినప్పుడు ఇటువంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 641 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ చూపాడు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉండాలి కనుక, వరుసగా చూడవలసినవి 193, 257, 449, 577, 641 మాత్రమే, అంటే అయిదో ప్రయత్నంలోనే అది దొరుకుతుంది.

భాగహారం లేని నిరూపణ నాకు మరీ ఇష్టం. 5×2⁷ = 640 కనుక, 641తో భాగించినప్పుడు దాని శేషాన్ని −1గా తీసుకోవచ్చు; రెండు వైపులా నాలుగో ఘాతానికి పెంచితే 5⁴×2²⁸ శేషం 1 అవుతుంది. కానీ 5⁴ = 625, అది 641 కంటే 16 తక్కువ, కనుక దాని శేషం −2⁴. ఆ విలువను 5⁴ స్థానంలో ఉంచితే −2³² శేషం 1 అని, అంటే 2³² + 1 శేషం సున్నా అని తేలుతుంది.

చేత్తో సరిచూడాలంటే 641×6700000 = 4294700000; మిగిలిన 267297 సరిగ్గా 641×417. రెండో కారణాంకమైన 6700417 కూడా ప్రధాన సంఖ్యే కాబట్టి ఇంకా విడదీయవలసినది లేదు.