లైటు వెలిగింది, డ్రైవరు మాత్రం కాలేదు

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర పల్లె. నాలుగు రొయ్యల గుంటలు చేస్తున్నా. అమ్మాయి ఒంగోల్లో ఈసీఈ మూడో సంవత్సరం. అరచేతిలో పట్టే బోర్డు ఒకటి తెచ్చుకుని, దాని మీద చిన్న లైటు ఆరి వెలిగేట్టు చేసింది. కెర్నెల్ డ్రైవర్ల పనిలోకే పోతానంటోంది. అది చూపిస్తే వాళ్ల సారు ‘ఇది డ్రైవరే కాదు’ అన్నాడంట. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. హైదరాబాద్‌లో ఉన్న మా బామ్మర్దేమో ‘అదంతా ఎందుకు బావా, ఫుల్‌స్టాక్ నేర్పించు’ అంటాడు. ఇంకోపక్క ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 75 వేలు కడితే ఎంబెడెడ్ (ఇలాంటి బోర్డుల పని) నేర్పించి ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. డ్రైవరంటే మాకు తెలిసింది లారీ డ్రైవరే. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, నెల్లూరు జిల్లా

జవాబు: అన్నా, ముందు సారు మాట సంగతి తేలుద్దాం. ఆయన అన్నది నిజమే. కాకపోతే ఎందుకు కాదో కూడా చెప్పి ఉంటే అమ్మాయి రెండు రోజులు అన్నం మానేది కాదు.

మీ ఉత్తరంతో పాటు అమ్మాయి పంపిన ప్రోగ్రాం చూశాను. బోర్డు బీగల్‌బోన్ బ్లాక్. తను చేసిందల్లా బోర్డు మెమరీని నేరుగా తెరిచి, లైటుకి సంబంధించిన రిజిస్టర్‌లో ఒకటి, సున్నా రాసుకుంటూ పోవడమే. రిజిస్టరంటే చిప్పులో పరికరాన్ని ఆడించే చిన్న గడి. లైటు వెలిగింది. అయితే కింద తనే ఒక ముక్క రాసి పెట్టుకుంది: ‘మధ్యమధ్యలో అదనంగా కొట్టుకుంటోంది, ఎందుకో తెలీదు.’ నాకు ప్రోగ్రాం కన్నా ఆ ముక్క నచ్చింది. ఆ బోర్డు మీద నాలుగు లైట్లుంటాయి. తను పట్టుకున్నది మొదటిది. దాన్ని లినక్స్ కెర్నెల్ (బోర్డుని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ముందునుంచే గుండె కొట్టుకున్నట్టు మినుకుమినుకుమనిపిస్తూ ఉంటుంది, సిస్టమ్ బతికే ఉందని తెలియడానికి. అంటే ఒకే స్విచ్చి మీద రెండు చేతులు పడ్డాయి. ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

మీకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, కాలువ నీళ్ల వంతులు చూసే లస్కరుకి చెప్పకుండా రాత్రిపూట కాలువకి గండి కొట్టుకోవడం లాంటిదిది. మన కయ్యలోకి నీళ్లు రాక మానవు. కింద కయ్యల లెక్క తప్పుతుంది, తెల్లారాక గొడవ. డ్రైవరంటే లస్కరుని అడిగి, మన వంతు రాయించుకుని, పనయ్యాక తూము మూసి వచ్చే మనిషి. ఇక్కడ లస్కరు కెర్నెల్.

ఇక అమ్మాయి కోసం కొంచెం లోపలికి పోతాను, మీరు ఓపిక పట్టండి. పెన్‌డ్రైవ్ గుచ్చితే అదే తన కంపెనీ నంబరు, మోడల్ నంబరు, తను ఏ రకం పరికరమో చెప్పుకుంటుంది. కెర్నెల్ ఆ వివరాలు చూసి తగిన డ్రైవర్ని పిలుస్తుంది. చిప్పు లోపలే పుట్టి పెరిగిన యూఆర్టు (అక్షరాలు పంపి అందుకునేది), టైమర్, ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చేది), ఐ2సీ (చిప్పుల మధ్య మాటలు మోసేది) లాంటి వాటిలో చాలావాటికి ఆ నోరు లేదు. ఫలానా చిరునామాలో ఫలానా పరికరం ఉందని ఎవరో ఒకరు ముందే రాసిపెట్టాలి. ఒకప్పుడు ఏఆర్ఎం (ఈ బోర్డులో ఉన్న చిప్పు రకం) బోర్డుల విషయంలో ఆ రాతంతా బోర్డుకొక సీ ఫైలుగా కెర్నెల్ లోపలే ఉండేది. 2011లో ఈ గందరగోళం మీద లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే కసిరాడు. ఆ తర్వాత ఏఆర్ఎం బోర్డుల వివరాలు క్రమంగా డివైస్ ట్రీ అనే విడి ఫైలులోకి మారాయి. అందులో ‘కంపాటిబుల్’ అని ఒక పేరు ఉంటుంది. అదే పేరు డ్రైవరులోనూ ఉంటే కెర్నెల్ ఇద్దరినీ కలిపి, డ్రైవరులోని ప్రోబ్ ఫంక్షన్‌ని పిలుస్తుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది.

ప్రోబ్‌లో డ్రైవరు అన్నీ అడిగే తీసుకోవాలి. రిజిస్టర్ల చిరునామా నాకు కేటాయించు, నా గడియారం ఆన్ చెయ్యి, ఈ పిన్ను నా పనికి మళ్లించు, ఇంటరప్ట్ (పరికరం ఇచ్చే పిలుపు) వస్తే నన్ను లేపు, ఇలా. గడియారం అంటే టైము చూసుకునేది కాదు, ఆ పరికరానికి నాడి. కరెంటు ఆదా కోసం చిప్పులో వాడని భాగాల గడియారం ఆపేసి ఉంచుతారు. ఆగిన భాగం రిజిస్టరు చదవబోతే చాలా చిప్పుల్లో జవాబు రాదు సరికదా, మొత్తం బోర్డే పడిపోవచ్చు.

ఇది నా నెత్తిన పడిన సంగతి. సలహాలు రాయడం మొదలుపెట్టక ముందు నేనూ ఈ పనే చేశాను. ఉద్యోగంలో రెండో ఏడు నేను రాసిన డ్రైవరు పగలంతా ఎన్ని టెస్టులు పెట్టినా చక్కగా నడిచేది. రాత్రి వదిలేసి పోతే పొద్దున బోర్డు బిగుసుకుపోయి ఉండేది. మూడు రాత్రులు పక్కనే కూర్చున్నాం. తీరా చూస్తే, ఎవరూ వాడకపోవడంతో కెర్నెల్ నా పరికరం గడియారం ఆపేస్తోంది. అదే ఇంటరప్ట్ లైను పంచుకుంటున్న ఇంకో పరికరం మోగినప్పుడు నా హ్యాండ్లర్ (ఆ పిలుపు అందుకునే ఫంక్షన్) కూడా లేచి, ‘నాకేనా పిలుపు’ అని నిద్రపోతున్న రిజిస్టర్‌ని చదివేది. అంతే, గుటుక్కు. పరికరం మేలుకుని ఉందో లేదో ముందు చూసుకోమని నాలుగు లైన్లు రాస్తే పోయింది. పగలు మేం కెలుకుతూ ఉండబట్టి దానికి నిద్రపోయే అవకాశమే రాలేదు.

ఇంటర్వ్యూలో అడిగేవి ఇలాంటివే. హ్యాండ్లర్‌లో మ్యూటెక్స్ (ఒకసారి ఒకరే వాడేలా వేసే తాళం) ఎందుకు పట్టుకోకూడదు? పరికరం పూర్తిగా సిద్ధం కాకముందే ఇంటరప్ట్ వస్తే? ప్రోబ్ సగంలో ఫెయిలైతే అంతదాకా తీసుకున్నవి ఎవరు తిరిగిస్తారు? మన పరికరానికి కావలసిన వోల్టేజీ ఇచ్చే రెగ్యులేటర్ డ్రైవరు ఇంకా లేవకపోతే? (చివరిదానికి కెర్నెల్లో ‘తర్వాత రా’ అని తిప్పి పంపే ఏర్పాటు 2012 నుంచీ ఉంది, దాని పేరు డిఫర్డ్ ప్రోబ్.) లైటు వెలిగించానని చెబితే ఎవరూ కదలరు.

కాబట్టి అమ్మాయి చేయాల్సింది ఒకటే డ్రైవరు, కానీ ఒళ్లు దగ్గర పెట్టుకుని. ఆ బోర్డులో నాలుగో నంబరు యూఆర్టు మామూలుగా ఖాళీగా ఉంటుంది. డివైస్ ట్రీలో దాని కంపాటిబుల్ పేరు మార్చి, తన సొంత డ్రైవరుకి తగిలించుకోమనండి. అక్షరాలు పంపాలి, వచ్చినవి ఇంటరప్ట్‌తో అందుకోవాలి. తర్వాత అటు నుంచి అక్షరాలు వస్తుండగానే డ్రైవరు మాడ్యూల్‌ని నూరుసార్లు ఎక్కించి దించాలి. నూరోసారి కూడా లాగ్‌లో ఒక్క హెచ్చరిక లేకపోతే ఆ కోడు గిట్‌లో పెట్టి, రెజ్యూమెలో మొదటి లైనుగా రాసుకోవచ్చు. చదువుకోవడానికి బూట్లిన్ అనే లినక్స్ కంపెనీ వాళ్ల శిక్షణ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, ల్యాబులు ఈ బోర్డు మీదే చేసుకోవచ్చు. కెర్నెల్‌కి ప్యాచ్ (మార్పు) ఎలా పంపాలో లినక్స్ ఫౌండేషన్ ఉచిత కోర్సు చెబుతుంది. సీ భాషలో పాయింటర్లు తడబడుతుంటే మాత్రం ముందు అదే, మిగతావన్నీ తర్వాత.

75 వేలు కట్టకండి. ఉద్యోగం గ్యారంటీ అని రాసిన కాగితం మీద ఏ ఉద్యోగమో, ఎంత జీతమో రాసి సంతకం పెట్టమనండి, చూద్దాం. డబ్బు పెట్టే నేర్చుకోవాలంటే డిగ్రీ అయ్యాక సీ-డాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) వారి ఎంబెడెడ్ పీజీ డిప్లొమా ఉంది, ఆరు నెలలు, వాళ్ల ప్రవేశ పరీక్ష సీ-క్యాట్ రాసి చేరాలి.

బామ్మర్ది గారు చెప్పిన ఫుల్‌స్టాక్, అంటే వెబ్‌సైట్ల పని, ఆ మాటా కొట్టిపారేయను. ఫ్రెషర్లకి ఈ పనిలో పోస్టులు వెబ్ పనులకున్నన్ని ఉండవు. హైదరాబాద్, బెంగళూరుల్లోని చిప్పు కంపెనీల్లోకి నేరుగా దొరకడం కష్టం, చాలామంది ముందు సర్వీసు కంపెనీలో టెస్టింగ్‌తో మొదలుపెట్టి రెండు మూడేళ్లకి ఇటు జరుగుతారు. ఫైనల్ ఇయర్లో క్యాంపస్‌కి వచ్చే మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీల పరీక్షలు కూడా రాయమనండి. చేతిలో ఒక ఆఫర్ ఉంటే ఇటు వెతుక్కోవడానికి కాళ్లాడతాయి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మాత్రం మీ గుంట దగ్గరే ఉంది. తెల్లవారుజామున నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ ఒకటి ఆగిపోతే మీకెలా తెలుస్తోంది? నిద్ర మానుకుని గట్టు మీద తిరిగితేనే కదా. మోటారు వైరుకి సీటీ కాయిల్ (వైరులో కరెంటుని కొలిచే చుట్ట) తొడిగి, దాని సిగ్నల్‌ని ఆ చిప్పులోని 12 బిట్ల ఏడీసీకి ఇస్తే మోటారు తిరుగుతోందో లేదో 0 నుంచి 4095 దాకా అంకెల్లో వస్తుంది. దీనికి కెర్నెల్లో డ్రైవరు ఇప్పటికే ఉంది, కొత్తగా రాయక్కర్లేదు, కానీ దాన్ని లైనులైనూ చదవాలి. ఒక్కటే జాగ్రత్త. ఆ పిన్నులు 1.8 వోల్టులు దాటితే తట్టుకోవు, కాయిల్ సిగ్నల్ సున్నా కిందికీ పోతుంది. మధ్యలో రెసిస్టర్లు పెట్టి రెండు హద్దుల లోపల ఉంచాకే బోర్డుకి తగిలించాలి. స్టార్టర్ ప్యానెల్ మూత తీసే పని అమ్మాయికి వదలకండి, మెయిన్ దించి మీ ఎలక్ట్రీషియన్ చేతనే కాయిల్ తొడిగించండి.