మా ఆయన బీపీ తగ్గాలంటే నేనేం చేయాలి?

ప్రశ్న: మా ఆయనకి 46 ఏళ్లు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో బీపీ 144/92 వచ్చింది. డాక్టర్ ఇంకో రెండుసార్లు పిలిపించి చూసి, వేరే జబ్బులేవీ లేవు కాబట్టి మూడు నెలలు తిండి, బరువు, వ్యాయామం సంగతి చూసుకోండి, తగ్గకపోతే మాత్ర మొదలుపెడదాం అన్నారు. ఈయనేమో "నాకేమీ అనిపించట్లేదు కదా" అంటారు. బీపీ మిషన్ కొని రోజుకి నాలుగైదుసార్లు నేనే చూస్తున్నాను, ఒకసారి 130, ఇంకోసారి 155! ఆయన వంటలో ఉప్పు తగ్గిస్తే పైన చల్లుకుంటున్నారు. వాకింగ్‌కి వెళ్లమంటే గొడవ. చెప్పేకొద్దీ మొండికేస్తున్నారు. నాకే బీపీ వచ్చేలా ఉంది.

జవాబు: ముందు ఆ మిషన్‌ని పక్కన పెట్టండి. మాట్లాడినా, మెట్లెక్కినా, చిరాకుపడినా బీపీ పెరుగుతుంది, కాసేపటికి దిగుతుంది. రోజుకి ఐదుసార్లు పట్టీ చుడితే మీకు కనిపించేది ఆ ఎగుడుదిగుళ్లే, దానివల్ల ఇద్దరికీ టెన్షన్ తప్ప లాభం లేదు.

మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక్క వారం పద్ధతిగా చూస్తే చాలు. పొద్దున టిఫిన్‌కి ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, ఒక్కోసారికీ మధ్య ఒక నిమిషం తేడా. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉండేలా బల్ల మీద ఉంచి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆ ఐదు నిమిషాలూ ఎవరూ మాట్లాడకూడదు, మీరు కూడా. దానికి ముందు అరగంటలో కాఫీ, సిగరెట్ ఉండకూడదు, మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. పట్టీ చొక్కా మీద కాదు, నేరుగా చేతికే చుట్టాలి. చెయ్యి లావుగా ఉండి పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కొన్న మిషన్‌కి సరైన సైజు పట్టీ వచ్చిందో లేదో చూసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఆసుపత్రిలో 140/90 ఎలాగో ఇంట్లో 135/85 అలాగ, అది దాటితే ఎక్కువ ఉన్నట్టే. అమెరికా గుండె వైద్య సంఘాలు 2017లో ఈ గీతని 130/80కి దించాయి, అందుకే ఇంటర్నెట్‌లో ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తుంది. ఆయన విషయంలో ఎంతకి రావాలో మీ డాక్టర్నే అడగండి. ఇంకో మాట, బటన్ ఆయనే నొక్కాలి, అంకె ఆయనే రాసుకోవాలి. మీరు రాస్తే అది మీ పరీక్షలో ఆయనకి వచ్చిన మార్కులా ఉంటుంది.

"ఏమీ అనిపించట్లేదు" అన్నదానికి జవాబు ఒక్కటే, బీపీ ఉన్నవాళ్లలో చాలామందికి ఏమీ అనిపించదు. మెదడు, గుండె, కిడ్నీల రక్తనాళాలు ఏళ్ల తరబడి పాడవుతున్నా తెలియదు. ఇది మీరు పదిసార్లు చెప్పే బదులు డాక్టర్ చేత ఒకసారి చెప్పించండి, భార్య నోట విన్నదానికీ డాక్టర్ నోట విన్నదానికీ మన మగవాళ్లు ఇచ్చే విలువలో తేడా మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ఉప్పు. ఆయనకోసం విడిగా చప్పటి వంట చేస్తున్నారు, అక్కడే వస్తోంది తంటా. ఒకే బల్ల మీద మీకు రుచిగా, ఆయనకి చప్పగా ఉంటే ఎవరికైనా ఉక్రోషం వస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకటే వంట చేయండి, ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రండి, కొన్ని వారాల్లో నాలుక దానికే అలవాటు పడుతుంది. ఉప్పు డబ్బా భోజనాల బల్ల మీద ఉండకూడదు. నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి ధారాళంగా వాడుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది రోజుకి 5 గ్రాములలోపు, అంటే దాదాపు ఒక టీస్పూన్, అన్నీ కలిపి. ఆ "అన్నీ" లోనే ఉంది అసలు సంగతి. చిప్స్, సాస్‌లు, ఇన్‌స్టంట్ నూడుల్స్, ఆఖరికి బ్రెడ్‌లో కూడా ఉప్పుంటుంది. ప్యాకెట్ మీద ఉప్పని రాయరు, సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పెంతో వస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. రాతి ఉప్పు, గులాబీ రంగు ఉప్పు మంచివని కొని తెచ్చుకోకండి, వాటిలోనూ ఉన్నది దాదాపుగా అదే సోడియం క్లోరైడ్.

అయితే మీ ఇంటి పరిస్థితికి నేనైతే ఉప్పుతో మొదలుపెట్టను. 1997లో అమెరికాలో డాష్ అనే ఆహార పద్ధతి మీద పరిశోధన ఫలితాలు వచ్చాయి. పండ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాలపదార్థాలు బాగా పెంచి, కొవ్వు తగ్గించి పెట్టారు. ఉప్పు తగ్గించలేదు, బరువు కూడా తగ్గనివ్వలేదు. అయినా మామూలు తిండి తిన్నవాళ్లతో పోలిస్తే, బీపీ ఎక్కువున్నవాళ్లలో పై అంకె సుమారు 11 పాయింట్లు తగ్గింది. మొండికేసిన మనిషికి "ఇది తినొద్దు" కంటే "ఇది కూడా తిను" తేలిగ్గా ఎక్కుతుంది. కోసిన పండ్లు కళ్లెదుట పెట్టండి, కంచంలో సగం కూరగాయలు పెట్టండి, ఏమీ అనకండి.

వాకింగ్‌కి పంపకండి, తోడు వెళ్లండి. వారానికి 150 నిమిషాలు, పదేసి నిమిషాల ముక్కలుగానైనా సరే, మాట్లాడగలిగేంత కానీ పాట పాడలేనంత వేగంతో. నడిచేటప్పుడు మాత్రం బీపీ సంగతి ఎత్తకండి. బరువు ఎక్కువుంటే కిలో తగ్గితే బీపీ ఒక పాయింటు తగ్గుతుందని మోటు లెక్క, అందుకని నాలుగైదు కిలోలు కూడా చిన్న విషయమేమీ కాదు.

పక్కన పడుకునేవాళ్లకే తెలిసే విషయం ఒకటుంది. ఆయన గట్టిగా గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఒక్కసారిగా గుటకవేసి లేస్తారా, పగలు కూర్చున్నచోటే తూలుతుంటారా? అలాగైతే స్లీప్ ఆప్నియా కావచ్చు, అది బీపీని దిగనివ్వదు. ఆయనకి తెలియదు కాబట్టి డాక్టర్‌కి మీరే చెప్పాలి. అలాగే నొప్పులకని తరచూ ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మింగుతున్నారేమో, జలుబుకి ముక్కు తెరిపించే మాత్రలు వాడుతున్నారేమో గమనించండి, వాటివల్లా బీపీ పెరుగుతుంది. మద్యం అలవాటుంటే దాన్ని తగ్గించడం కూడా బాగా పనిచేస్తుంది, సిగరెట్ సంగతి సరే సరి.

ఇవన్నీ చేసినా మూడు నెలలకి మాత్ర రాస్తే అది మీ ఓటమీ కాదు, ఆయన తప్పూ కాదు. కొందరికి వంశంలోనే ఉంటుంది. ఈలోగా ఎప్పుడైనా 180/120 దాటి, దానితోపాటు గుండెనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఒకవైపు బలం తగ్గడం లాంటిది ఏది కనిపించినా మళ్లీ మిషన్ పెట్టి చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా ఆవిడ బీపీ మాత్ర వేసుకుంటోంది. ఇద్దరం నడుస్తున్నాం, తిండి మార్చాం, ఇప్పుడు 118/76 ఉంటోంది. మాత్ర మానేయొచ్చా? పొటాషియం కలిపిన ఉప్పు మంచిదట, అది వాడొచ్చా?

జవాబు: ఆ 118లో మాత్ర వాటా ఎంతో, నడక వాటా ఎంతో ఇంట్లో కూర్చుని తేల్చలేం కాబట్టి సొంతంగా మానేయకండి. కొన్నిరకాల మాత్రలు ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. వారం రోజుల అంకెలు రాసుకుని వెళ్లి, డోసు తగ్గించే వీలుందా అని డాక్టర్ని అడగండి, కొందరికి నిజంగానే తగ్గిస్తారు.

పొటాషియం ఉప్పు మంచిదే. చైనా పల్లెల్లో దాదాపు 21,000 మంది మీద చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, అది వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తక్కువగా వచ్చింది. కానీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి, ఒంట్లో పొటాషియంని పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్లకి అది ప్రమాదం. పేరు చివర "ప్రిల్" అనో "సార్టాన్" అనో ఉండే మందులు, స్పైరనోలాక్టోన్ ఆ కోవలోవే. మీ ఆవిడ మాత్ర స్ట్రిప్ మీద మందు పేరు చూడండి, అలాంటిదైతే రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి డాక్టర్ సరేనన్నాకే ఆ ప్యాకెట్ కొనండి.