కిరణ్‌కి, ఆ .45 పిస్టల్ వ్యాసం గురించి

చి. కిరణ్‌కి,

టెక్సాస్‌లో మీ బావతో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చిన పిస్టల్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. "ఈ పిస్టల్‌కి రీకాయిల్ అన్నదే లేదు, వెన్నలా పేలుతుంది" అని రాశావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. ఆ పిస్టల్ వాడే .45 ఏసీపీ అనే తూటాలో మామూలుగా దొరికే బుల్లెట్ బరువు 230 గ్రెయిన్లు, అంటే 15 గ్రాములకి ఓ పిసరు తక్కువ. అది సెకనుకి 250 మీటర్ల వేగంతో ముందుకి దూకుతుంటే చేతి మీదకి వెనక తన్ను, అదే రీకాయిల్, ఏమీ రాదంటే న్యూటన్ ఒప్పుకోడు, ఆ పిస్టల్ తయారుచేసినవాడూ ఒప్పుకోడు. పైగా వెన్న పేలడం ఏమిటయ్యా? చిరాకేసి ఫోన్ పక్కన పెట్టేశాను. భోజనం చేశాక మళ్లీ తీశాను, అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగు.

తెలుగు బాగుంది. ఒత్తులు సరిగ్గా ఉన్నాయి, ఈ రోజుల్లో అది చిన్న సంగతేం కాదు.

ఇక అసలు విషయం. ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి కూర్చున్నప్పుడు ప్రతి వాక్యాన్నీ చెవి పట్టుకుని ఒక్కటే అడగాలి: దేనికంటే? తన్ను తక్కువ అన్నావు, దేనికంటే తక్కువ? గురి తొందరగా కుదురుతుందన్నావు, దేనికంటే తొందరగా? ఈ ప్రశ్నకి నిలబడే వాక్యాలు నీ వ్యాసంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ కంపెనీ బ్రోషర్‌లోంచి నడిచొచ్చినవి, ఆ నడక చూస్తేనే తెలిసిపోతోంది.

కాంపెన్సేటర్ సంగతే తీసుకో. దాని మీద నాలుగు పేరాలు రాశావు, అది ఏం చేస్తుందో నాలుగింటిలోనూ లేదు. గొట్టం చివర పైవైపు కోసిన కన్నాలు, అంతే అది. బుల్లెట్ వెనక తరుముకొచ్చే వేడి గ్యాసు ఆ కన్నాల్లోంచి పైకి చిమ్ముతుంది, చిమ్మేటప్పుడు పిస్టల్ మూతిని కిందకి నొక్కుతుంది. కాబట్టి ముఖ్యంగా తగ్గేది మూతి పైకి లేవడం. అరచేతిలోకి వచ్చే తోపు కూడా కొంత తగ్గుతుంది గానీ ఎక్కడికీ పోదు. నువ్వు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసి 'రీకాయిల్ లేదు' అనేశావు. ఇంకో మెట్టు దిగు. ఈ పని చేసేది గ్యాసు, గ్యాసుకి ఒత్తిడి ఉండాలి. అమెరికాలో తూటాలకి ప్రమాణాలు పెట్టే సామీ లెక్క ప్రకారం .45 ఏసీపీకి గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు, 9 ఎంఎంకి 35,000, 10 ఎంఎం ఆటోకి 37,500. పెద్ద బుల్లెట్ కదా, కాంపెన్సేటర్ బాగా పనిచేస్తుందిలే అనుకుంటారు గానీ ఈ మూడింటిలో దానికి మేత తక్కువ దొరికేది .45 దగ్గరే. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న నాటి నుంచి దాని స్వభావం అదే, బరువైన బుల్లెట్, నిదానమైన నడక, తక్కువ ఒత్తిడి. దాని దెబ్బ కూడా చురుక్కుమనదు, తోసినట్టుంటుంది. మరి అలాంటి తూటాకి కాంపెన్సేటర్ తగిలిస్తే చేతికి మిగిలిందెంత? ఇది కదా నీ వ్యాసం! ఆ రేంజ్‌లో అదే కంపెనీ .45, కాంపెన్సేటర్ లేనిది, అద్దెకి ఉందని నువ్వే రాశావు. ఇంకొన్ని డాలర్లు పెట్టి దాన్నీ తీసుకుని, ఒకే డబ్బాలోని తూటాలతో ఒకదాని తర్వాత ఒకటి కాల్చి చూసుంటే సరిపోయేది. కాల్చకుండా పిజ్జాకి వెళ్లిపోయామని కూడా నువ్వే రాశావు.

కొలవడానికి పెద్ద సామాను కూడా అక్కర్లేదు. మీ బావని పక్కన నిలబెట్టి ఫోన్‌లో స్లో మోషన్ తీయించు, వెనక గోడ మీద ఏదో ఒక గీత ఉంటుంది కదా, పేలినప్పుడు మూతి ఆ గీత దాటి ఎంత లేచిందో, మళ్లీ కిందకి దిగడానికి ఎంతసేపు పట్టిందో రెండు పిస్టళ్లకీ పక్కపక్కన పెట్టి చూడు. ఫోన్‌తో ఇరవై సెల్ఫీలు తీసుకున్నవాడివి ఇదొక్కటి తీయలేకపోయావా!

ఈ 'దేనికంటే' నా సొంత సరుకు కాదు. నేవీలో ఆర్మమెంట్ పని వదిలేసి రాయడం మొదలుపెట్టిన కొత్తలో, ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల ఇంజన్ల మీద వ్యాసం కోసం తిరిగేవాణ్ణి. ఒక కంపెనీ కుర్రాడు టై కట్టుకుని చేపల కంపులో నిలబడి, మా ఇంజన్ డీజిల్ తక్కువ తాగుతుందండీ అని ఊదరగొడుతున్నాడు. బోటు అంచున కూర్చుని వల బాగుచేసుకుంటున్న సరంగు తల ఎత్తకుండానే, "దేనికంటే తక్కువ బాబూ? ఖాళీ బోటుకా, ఐసు ఎత్తిన బోటుకా? ఎదురుగాలికి ఏటి సెప్తావు?" అన్నాడు. కుర్రాడు బ్రోషర్ తిరగేశాడు, అందులో గాలి లేదు. ఏ ఇంజన్‌కి ఏ వేటలో ఎన్ని లీటర్లు పోయాయో ఆ సరంగు నోటి లెక్కగా చెబుతుంటే అన్నీ రాసుకుని, పట్టిక గీసి వ్యాసం పంపాను. ఒక వారపత్రిక ఎడిటర్‌గారు ఆ పట్టిక మొత్తం లేపేసి, 'కడలి ఒడిలో ఉక్కు గుండె చప్పుడు' అని హెడ్డింగు పెట్టి, ఫోటో పెద్దది చేసి వేశాడు. వెనక అట్ట మీద ఎవరి ప్రకటన ఉందో చెప్పక్కర్లేదు. అడిగితే "పాఠకుడికి లెక్కలు బోర్ గురువుగారూ" అన్నాడు. ఆ పాఠకుడెవరో నాకు ఇప్పటికీ ఎదురుపడలేదు. నాకు తెలిసినవాళ్లంతా ఒక టార్చిలైటు కొనడానికి పూర్ణా మార్కెట్‌లో నాలుగు షాపులు తిరిగి, వెలిగించి, ఆర్పి, పక్క షాపువాడి దానితో పోల్చి, బేరం కూడా ఆడి కొనేవాళ్లే.

ఇప్పుడైతే కోయడానికి ఎడిటర్లు కూడా అక్కర్లేదు, రాసేవాళ్లే తమది తాము కోసుకుంటున్నారు. డబ్బా విప్పడం పది నిమిషాలు, వస్తువు గురించి అర నిమిషం, ఆఖర్న పదికి 9.5 మార్కులు. నువ్వూ వేశావు. ఆ అర మార్కు ఎక్కడ పోయిందో నాకు అర్థం కాలేదు, నీకూ తెలియదని నా అనుమానం.

నీ వ్యాసం మొత్తంలో విలువైన ముక్కని నువ్వే గొయ్యి తీసి పాతేశావు. "చవక తూటాల వల్ల రెండు మూడుసార్లు ఇరుక్కుంది, అదేమంత పెద్ద విషయం కాదు." పిస్టల్ ఇరుక్కోవడం కంటే పెద్ద విషయం ఇంకేముంటుందయ్యా? ఈ రకం పిస్టళ్లలో చాలావాటికి, పేలగానే బ్యారెల్ (గొట్టం), దాని మీద ముందుకీ వెనక్కీ జరిగే తొడుగు, అంటే స్లైడ్, కలిసి కొంచెం వెనక్కి జరుగుతాయి, తర్వాత బ్యారెల్ వెనక భాగం కిందకి వంగి విడిపోతుంది, అప్పుడు స్లైడ్ ఒక్కటే మిగతా దూరం పోయి ఖాళీ గుల్లని బయటికి విసురుతుంది. బ్యారెల్ కొసన మరలతో కాంపెన్సేటర్ బిగించావంటే అక్కడ బరువు పెరిగింది, వెనక్కొచ్చే వేగం తగ్గింది. పైగా కన్నాల్లోంచి పోయే గ్యాసు ఆ వెనక్కి తన్నే శక్తిలో కొంత తినేస్తుంది, స్లైడ్‌ని నడిపేదేమో ఆ శక్తే. అందుకే మెత్తటి లోడ్ తూటాలు, అంటే బలం తక్కువగా నింపినవి, వేస్తే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, గుల్ల బయటపడకుండా సందులో నిలువుగా ఇరుక్కుంటుంది. దీనికోసమే కొంతమంది స్లైడ్‌ని మళ్లీ ముందుకి నెట్టే రీకాయిల్ స్ప్రింగ్ మార్చి మెత్తది వేసుకుంటారు. నువ్వు కాల్చినదానిలో కాంపెన్సేటర్ బ్యారెల్‌కి బిగించిందా, స్లైడ్‌లోనే కలిపి చెక్కిందా? ఫోటోలు జూమ్ చేసి చూసుకున్నా నాకు తేలలేదు, నీ వ్యాసంలో మాటవరసకైనా లేదు.

సరే, అనుమానితులు ముగ్గురు: తూటా, స్ప్రింగు, నీ మణికట్టు. కొత్తవాళ్లు వదులుగా పట్టుకున్నా ఇదే జరుగుతుంది, స్లైడ్‌తో పాటు పిస్టల్ మొత్తం వెనక్కి ఊగిపోతుంది, స్లైడ్‌కి ఆనిక దొరకదు. తేల్చడానికి ఎంతసేపు? అదే మ్యాగజైన్, అవే తూటాలు మీ బావ చేతికిస్తే సరి. అతని దగ్గరా ఇరుక్కుంటే నీ మణికట్టు నిర్దోషి. ఆ తర్వాత కాస్త గట్టి లోడ్ డబ్బా ఒకటి కొని, అదే పిస్టల్‌లో కాల్చు. అప్పుడు హాయిగా నడిచిందనుకో, రోజూ ప్రాక్టీసుకి కొనే చవక తూటాలతో ఈ పిస్టల్‌కి పడదని రాయొచ్చు, అది తెలిస్తే కొనేవాడు నీకు దణ్ణం పెడతాడు. నువ్వేమో ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో కూడా చెప్పలేదు. బుల్లెట్ బరువెంత, వేగమెంత? చవక అంటే నాకు ధర తెలిసింది, లోడ్ తెలియలేదు. కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు తూటా డబ్బా పేరు రాయి.

'ఆప్టిక్స్ రెడీ' దగ్గరా అంతే. ఏ ఆప్టిక్‌కి రెడీ? స్లైడ్ పైన గాడి కోసి ఉంటుంది, అందులో రెడ్ డాట్ సైట్, అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపించి గురి కుదిర్చే పరికరం, కూర్చుంటుంది, ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ సైట్లలో ట్రిజికాన్ ఆర్ఎంఆర్‌కి మర కన్నాలు ఒక తీరు, లియుపోల్డ్ డెల్టాపాయింట్ ప్రోకి ఇంకో తీరు. నేరుగా కూర్చుంటుందా, మధ్యలో ప్లేటు వెయ్యాలా, ఆ ప్లేటు పిస్టల్‌తో వస్తుందా విడిగా కొనాలా, ప్లేటు వేస్తే సైట్ ఎత్తు పెరిగి మామూలు ఇనప సైట్లు అద్దంలోంచి కనబడతాయా లేదా? కొనేవాడు అడిగేవి ఇవి. నువ్వు 'భవిష్యత్ టెక్నాలజీ' అని దాటేశావు. చుక్క సైజు 3.25 ఎంఓఏ (కోణంలో కొలిచే లెక్క) అని రాశావు, అదీ బ్రోషర్‌దే. 25 గజాల దూరంలో ఆ చుక్క టార్గెట్ మీద రెండు సెంటీమీటర్ల పైచిలుకు మేర కప్పేస్తుందని రాస్తే చదివేవాడి కళ్లకి కడుతుంది. కానీ నువ్వు కాల్చింది 7 గజాల్లో కదా. 7 గజాల్లో అయితే నేవీలో మాకిచ్చిన పాత ఇషాపూర్ 9 ఎంఎం 1ఏ పిస్టల్ కూడా బాగానే కొట్టేది, దానికి కన్నాలూ లేవు, ఎర్ర చుక్కా లేదు.

ఇంకోటి. ఈ రెండు సదుపాయాలూ ఒకే పిస్టల్ మీద ఉంటే ఒక తంటా ఉంది. పైకి చిమ్మిన గ్యాసు మసి సైట్ అద్దం ముందువైపు పడుతుంది. కాల్చేకొద్దీ చుక్క బాగానే వెలుగుతూ ఉంటుంది గానీ దాని అవతల టార్గెట్ మసకబారుతుంది. నువ్వు పంపిన మూడో ఫోటోలో ఆ అద్దం మీద మసి ఉంది, మధ్యలో వేలితో తుడిచిన గీత కూడా ఉంది. ఆ వేలు నీదే అయ్యుంటుంది. తుడిచినవాడివి, ఎందుకు రాయలేదు? పక్క లేన్‌లో కాల్చుకుంటున్న మనిషిని ఒక్క మాట అడిగి ఉన్నా బాగుండేది. కాంపెన్సేటర్ హోరు కాల్చేవాడితో పాటు పక్కవాడూ భరించాలి, చెవులకి మఫ్స్ ఉన్నా ఛాతీకి తెలుస్తుంది, అది ఏ బ్రోషర్‌లోనూ వెయ్యరు.

'తుప్పు పట్టదు' అని కూడా హామీ ఇచ్చేశావు. టెక్సాస్‌లో ఒక మధ్యాహ్నం పట్టుకున్న ఇనుముకి విశాఖపట్నంలో కూర్చుని హామీ ఇస్తావా? ఇక్కడ ఉప్పుగాలికి మా డాబా గ్రిల్లుకి ఏటా రంగు వేయించలేక చస్తున్నాం.

చివర్లో 'ప్రతి తెలుగువాడూ తప్పక కొనాల్సిన పిస్టల్' అన్నావు. ఎక్కడ కొంటాడు, జగదాంబ సెంటర్‌లోనా? .45 రిమ్‌లెస్ (అడుగు అంచు బయటికి పొడుచుకురాని) తూటా పట్టే పిస్టల్ మన దేశంలో 2016 ఆయుధ నియమాల మొదటి షెడ్యూల్ ప్రకారం నిషిద్ధ ఆయుధం, 1959 ఆయుధ చట్టం 7వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప దగ్గర ఉంచుకోకూడదు. మామూలు లైసెన్సుతో అయ్యే పని కాదు. లైసెన్సున్న పెద్దమనుషుల బీరువాల్లో ఎక్కువగా ఉండేది .32. కాబట్టి నీ పాఠకుడు డల్లాస్‌లో ఉన్నాడో గోపాలపట్నంలో ఉన్నాడో ముందు తేల్చుకో. గోపాలపట్నం మనిషి దీన్ని జన్మలో పట్టుకోడు, మరి అతనెందుకు చదవాలో నీకు తెలిసుండాలి.

ఆ బ్రాకెట్ సంగతి. ఖాళీ గుల్ల ఎగిరొచ్చి నీ కాలర్‌లో పడి మెడ చురుక్కుమంటే నువ్వు గెంతబోయావు, మీ బావ వెనక నుంచి నీ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, పిస్టల్ మూతి టార్గెట్ వైపే ఉంచి, "ముందు కింద పెట్టు, తర్వాత ఏడుద్దువుగాని" అన్నాడు. దాన్ని జోక్‌లాగా బ్రాకెట్లో పడేశావు. అది చదివాక కాసేపు ఇంకేం చదవలేదు నేను. రేంజ్‌లో ఒక్క క్షణం మూతి పక్కకి తిరిగితే ఏమవుతుందో చూసినవాణ్ణి, ఆ సంగతి ఇక్కడ వద్దు. దాన్ని బ్రాకెట్లోంచి తీసి మొదటి పేజీలో పెట్టు, ఒక్క విశేషణం కూడా తగిలించకు.

మీ బావకి ఇవాళే ఫోన్ చెయ్యి. తూటా డబ్బా పారేయకపోతే లేబుల్ ఫోటో పంపమను, నువ్వు కాల్చిన టార్గెట్ కాగితం దాచి ఉంటే అదీ. మార్కులు తీసెయ్యి, 'వెన్న' తీసెయ్యి. తిరగరాశాక ఫోన్‌కి పంపకు, చిన్న అక్షరాలు చదవలేక కళ్లు లాగేస్తున్నాయి, ద్వారకానగర్‌లో ప్రింట్ తీయించి ఇంటికే పట్రా, సాయంత్రం ఆరు దాటాక అయితే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు