పక్క సీటువాడి జీతం తెలిశాక

ఆఫర్ లెటర్‌లో జీతం ఎవరికీ చెప్పొద్దని రాశారు, మీ తర్వాత చేరినవాడికి ఎక్కువ ఇస్తున్నారని తెలిసింది, ఇది నా అసూయేనా అని అడిగారు. నాకైతే అలా అనిపించలేదండీ.

మా ఇంట్లో రెండు రకాల జీతాలూ ఉన్నాయి. మా ఆవిడ చంద్రగిరి వైపు ప్రభుత్వ టీచరు. 2022 పీఆర్సీ (వేతన సవరణ) స్కేళ్లు 20,000 నుంచి 1,79,000 దాకా జీవోలోనే ఉన్నాయి. కేడరు, సర్వీసు చెబితే పెళ్లిళ్ల పేరయ్య కూడా ఆమె జీతం లెక్క కట్టేస్తాడు. వాళ్ల స్టాఫ్ రూంలో డీఏ (కరువు భత్యం) బకాయిల మీద రోజూ తిట్లే. కానీ పక్క టీచరుకు ఎక్కువ వస్తోందని ఎవరూ కుమిలిపోరు. సీనియర్ కదా, అంతే.

నేను రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టాఫ్‌ని. లైన్‌లో పనిచేసే కాంట్రాక్టు పిల్లలు ఓటీతో కలిపి ఎంత పడిందో బస్సులోనే గట్టిగా చెప్పుకుంటారు. దాచుకునేది మేమే. నా జూనియర్‌కి ఎక్కువని తెలిసి అడిగితే "అది కాన్ఫిడెన్షియల్" అన్నారు. ఒళ్లు మండింది ఆ మాటకే. అతను చెన్నైలో ఇంకో ఆఫర్ చూపించి బేరమాడాడని తర్వాత తెలిసింది. అదే ముందు చెప్పుంటే సగం టెన్షన్ తగ్గేది.

అమెరికాలో ప్రైవేటు ఉద్యోగుల్లో చాలామందికి జీతాల గురించి మాట్లాడుకునే హక్కు 1935 నాటి చట్టం నుంచే వస్తోంది. మనకు అలాంటి రక్షణ లేదు, అందుకే ఆ షరతును తేలిగ్గా తీసుకోకండి. ఒకే పనికి ఆడ, మగ తేడాతో జీతం తగ్గించకూడదని మాత్రం 1976 నుంచే చట్టం ఉంది. మీరు మహిళైతే ఇది పనికొస్తుంది.

మేనేజరు దగ్గర మీ తర్వాత చేరినవాడి పేరు ఎత్తకండి. ఎత్తారంటే "నీకెవరు చెప్పారు" దగ్గరే మాట ఆగిపోతుంది. మీ గ్రేడ్‌కి కింద ఎంత, పైన ఎంత, మీరెక్కడున్నారు అని మెయిల్‌లో అడగండి. అందరి జీతాలూ నోటీసు బోర్డులో పెట్టమని నేనూ అనను. మా చుట్టాలు చేబదుళ్లన్నీ మా ఆవిడనే అడుగుతారు, ఆమె జీతం తెలుసు కాబట్టి!

నన్ను కొన్నాళ్లు తిప్పించుకున్నాక హెచ్‌ఆర్ వాళ్లు రేంజ్ చెప్పారు. అడుగునే ఉన్నాను. తర్వాతి రివ్యూలో ఆ ఒక్క మాట మీదే కూర్చుంటే కొంత పెంచారు. అతనితో సమానం అయితే ఇంకా కాలేదు.